నాలుగును ఎనిమిదియు

మేలు చేసినవారిని మరచుట దోషమని పెద్దలు చెప్పుదురు. మరువకుండగనే, ఒక్క కృతజ్ఞతావాక్యమైనను పలుకక కాలము పుచ్చుట యెట్టి దోషమో వారు వేరుగా చెప్పలేదు. మేమా పనిని ముప్పది తొమ్మిదేండ్లు చేసితిమి.

ఈ సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని సంఘమువారు అడిగినపుడు, మా బరంపురములోని తెలుగువారి పూర్వచరిత్రను గూర్చి వ్రాయుదమని కాగితము ముందు కూర్చుంటిమి. 1936 ఏప్రిలు 1వ తేదీన గంజాము జిల్లాలో అధికభాగము చెన్నరాజధాని నుండి విడివడి ఒడిశాలో చేరుటయు, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా నుండిన వి. వి. గిరిగారు 1894లో ఈ ఊరనే జన్మించుటయు వ్రాయదగిన సంగతులే. కాని యిట్టి సంచికలలో అవి పలుమారు వచ్చినవి. మాకంటె బాగుగ వ్రాసినవారు కలరు. మేము తప్ప మరెవ్వరును వ్రాయజాలని సంగతి ఒక్కటి మాత్రము మా యొద్ద కలదు. అది ఒక ఒడియా పెద్దమనిషిని గూర్చినది. తెలుగు సంచికలో ఒడియా ఆయన ముచ్చట యేల యని చదువరులు అడుగవచ్చును. కడదాక చదివినచో ఆ ప్రశ్న యుండదని మా నమ్మకము.

మేము 1976లో తెలుగు మాధ్యమమున మెట్రిక్యులేషను ప్యాసయితిమి. ఆపైన చదివించు శక్తి మా నాయనగారికి లేదు. టైపు నేర్చుకొని, అయిదేండ్లు ఆ దుకాణమునను ఈ దుకాణమునను లెక్కలు వ్రాసి, 1981లో జిల్లాలోని యొక సర్కారు కార్యాలయమున చిన్న గుమాస్తాగా చేరితిమి. ఒడిశా రాజభాషా చట్టము 1954లోనే వచ్చినను, మేము చేరునాటికి మా కార్యాలయమున సగము దస్త్రములు ఇంగ్లీషునను సగము ఒడియాలోను నడచుచుండెడివి. ఇంగ్లీషు మాకు కొంత వచ్చును. ఒడియా బజారులో కూరలు బేరమాడుటకు చాలినంత వచ్చును. ఆ రెంటికిని నడుమ నుండు ఒడియా, అనగా పై అధికారికి వినయముగ జాబు వ్రాయు ఒడియా, మాకు రాదు.

అది మొదటి వారముననే బయటపడెను. పై కార్యాలయమునకు పంపవలసిన యొక ముసాయిదాను మాకిచ్చిరి. ఒడియాలో ఎదుటివానిని సంబోధించుటకు మూడు మెట్లు కలవు: ‘తు’ అనునది పసివానికి, ‘తుమే’ అనునది సమానునకు, ‘ఆపణ’ అనునది పెద్దవారికి. క్రియ కూడ దానికి తగినట్లు మారును. నువ్వు, మీరు అను రెండు మెట్లతో పెరిగిన మేము, పై అధికారిని నడిమి మెట్టుపై నిలిపి నిశ్చింతగా ముసాయిదా వ్రాసితిమి. సెక్షనులో నవ్వులు చెలరేగినవి. ఆ కాగితము బల్లనుండి బల్లకు పోయి వచ్చెను. “తెలుగు కిరాణి సాహేబును స్నేహితుని జేసికొన్నాడు” అని యొకాయన అనెను. కిరాణి యనగా వారి భాషలో గుమాస్తా. మేము తలవంచుకొని కూర్చుంటిమి. మరునాడు ఉద్యోగము మానివేసి దుకాణపు లెక్కలకే పోవుదమని నిశ్చయించుకొంటిమి.

ఆ కాగితము చివరకు బడబాబు గారి బల్లను చేరెను. ఒడిశా కార్యాలయములలో హెడ్డుగుమాస్తాను బడబాబు అందురు. ఆయన కటకము వైపువారు. నలుబది దాటిన వయస్సు, సన్నని మనిషి, మాట తక్కువ, తమలపాకు ఎక్కువ. ఆయన నవ్వలేదు, కోపించనులేదు. అయిదు గంటలకు అందరును గొడుగులు తీసికొని లేచుచుండగా మమ్ము పిలిచి, ఎదుటి కుర్చీ చూపి, “కూర్చో బాబూ, నీ జాబులో విషయము సరిగానే ఉన్నది. మర్యాద ఒక్కటే తప్పినది. విషయము నేర్పడము కష్టము. మర్యాద నెలరోజులలో వస్తుంది” అనిరి.

నెల యని చెప్పి మూడేండ్లు నేర్పిరి. దినదినము అయిదు మొదలు ఆరు వరకు. మేము వ్రాసినదానిని ఎర్రసిరాతో దిద్ది, తప్పు ఎందుకు తప్పో చెప్పి, మరల వ్రాయించెడివారు. మా భయము పోగొట్టుటకై ఆయన పట్టిన త్రోవ విచిత్రమైనది. రెండు భాషలకును భేదములు చూపుటకు మారుగా పోలికలు చూపెడివారు. “తాటాకుమీద గంటముతో వ్రాసిన చేతులు మీవీ, మావీ. అందుకే మీ అక్షరాలూ గుండ్రము, మా అక్షరాలూ గుండ్రము. హిందీలో మాట చివర అచ్చును మింగివేస్తారు. మీరూ మింగరు, మేమూ మింగము. బెంగాలీవానికి ‘ళ’ లేదు, నీకున్నది, నాకున్నది. ఇంక భయమెందుకు?” అని అడిగెడివారు. క్రియలో స్త్రీపురుష భేదము ఒడియాలో లేదని తెలిసిననాడు, వచ్చెను అన్నను వచ్చినది అన్నను ఒకే రూపము చాలునని తెలిసిననాడు, మాకు సగము బరువు దిగినట్లయ్యెను.

వ్యాకరణము కుదిరిన తరువాత ఫకీరమోహన సేనాపతిగారి ‘ఛ మాణ ఆఠ గుంఠ’ నవలను చేతికిచ్చి, దినమున కొక పుట బిగ్గరగా చదివించిరి. అది 1902లో పుస్తకముగా వెలువడినది. ఒక సాలె దంపతుల కొద్దిపాటి భూమిని జమీందారు కాజేసిన కథ. దస్తావేజుల భాషతో పేదలనెట్లు ముంచవచ్చునో ఆ కథలో కలదు. “గుమాస్తా అయినవాడు ఈ పుస్తకము చదవాలి బాబూ. మన కలము క్రింద మనుషులుంటారు” అని ఆయన అనిరి. ఆ మాట యొక్క లోతు మాకు అప్పుడు తెలియలేదు.

ఒకనాడు మేము సంకోచముతో, “మీకు మేమేమి ఇచ్చుకోగలము, ఆజ్ఞా?” అని అడిగితిమి. ఒడియాలో పెద్దలను ఆజ్ఞా యని పిలుతురు. ఆయన కొంచెముసేపు ఆలోచించి, “మీ అక్షరాలు ఇవ్వు. బరంపురములో సగము బోర్డులు నాకు బొమ్మలుగా కనబడుతున్నవి” అనిరి. నాటినుండి చివరి పదినిమిషములు మేము గురువులము, ఆయన శిష్యులు. దుకాణముల బోర్డులు, సినిమా గోడపత్రికలు, పకోడీలు కట్టి యిచ్చిన పాత తెలుగు పత్రికల ముక్కలు ఆయనకు పాఠ్యపుస్తకములు. కొమ్మునకును కొమ్ముదీర్ఘమునకును భేదము మరచి నాలుక కరచుకొని నవ్వెడివారు. ఏడెనిమిది నెలలకు కూడబలుకుకొని చదువగలిగిరి. మే మాయనకు చేసిన ఉపకారము అంతే. దానినొక ఉపకారముగ మేమెన్నడును లెక్కింపలేదు.

ఇక 1984వ సంవత్సరమునకు వచ్చితిమి.

కొండ దిగువనున్న యొక చిన్న కార్యస్థానమునుండి, ఉద్యోగవిరమణ చేసిన కావలివానికి రావలసిన బకాయి జీతపు పట్టిక మా బల్లకు వచ్చినది. చేతివ్రాత ఒడియా, అంకెలును ఒడియావే. ఒడియా అంకెలు చూడనివారికి ఒక మాట చెప్పవలెను. ఒడియా నాలుగు, ఇంగ్లీషు ఎనిమిదిని పోలియుండును. పైన కొంచెము తెరపి యుండును. వడిగా వ్రాసినపుడు అదియును మూసికొనిపోవును. ఆ పట్టికలోని మొత్తము 1,440 రూపాయలు. మూడేండ్లు ఒడియా నేర్చిన గర్వముతో, తొందరలో, ఇంగ్లీషు అంకెలలో బిల్లుమీద మేము వేసినది 1,880 రూపాయలు. బడబాబు గారు ఆ దినమున పనుల ఒత్తిడిలో మా వ్రాతను నమ్మి చిన్నసంతకము చేసిరి. అధికారి సంతకమయ్యెను. ఖజానాలో పాసయ్యెను. కావలివాడు సొమ్ము పుచ్చుకొని వ్రేలిముద్ర వేసి ఊరికి పోయెను.

కొన్ని నెలలకు ఆడిటువారు వచ్చిరి. 440 రూపాయలు అధికముగా చెల్లింపబడినట్లు తేల్చిరి. నేటివారికి ఆ మొత్తము స్వల్పముగ తోచును. ఆనాడు మావంటి గుమాస్తా యింట అది స్వల్పము కాదు. కావలివానిని వాకబు చేయగా, కూతురి పెండ్లికి సొమ్మంతయు ఖర్చయినదనియు, సర్కారు ఎంత యిచ్చిన అంతయే తనకు రావలసినదని యనుకొన్నాననియు చెప్పెను. అతడు అబద్ధమాడలేదు, అతనికి చదువు రాదు.

సంజాయిషీ కోరుచు తాఖీదు వచ్చినది బడబాబు గారికి. తనిఖీ చేసినవారు ఆయన గనుక. ఆయన ఒక్క మాట, ‘బిల్లు వ్రాసినవాడు ఫలానావాడు’ అని వ్రాసియుండిన తాఖీదు మా మీదికి తిరిగెడిది. మా ఉద్యోగము అప్పటికింకను ఖాయము కాలేదు. మా నాయనగారు మంచము పట్టియుండిరి. చెల్లెలి పెండ్లి మాటలు నడచుచుండెను. ఆ సంగతులన్నియు ఆయనకు తెలియును. ఆయన జవాబులో మా పేరు లేదు. ‘తనిఖీ నాది, పొరపాటు నాది, కావలివాని ఫించను ముట్టక నా జీతమున వాయిదాలపై వసూలు చేయవలెను’ అని మాత్రము వ్రాసిరి. ఆ జవాబును శుభ్రప్రతి టైపు చేయుటకు మా బల్లకే పంపిరి. మేము టైపు చేసితిమి. ‘ఇది నా తప్పు’ అని లేచి చెప్పుటకు కార్యాలయమంత చోటుండెను, మేము లేవలేదు.

ఆ సాయంకాలము ఎప్పటివలె అయిదు గంటలకు పిలిచిరి. మేము వణకుచు పోతిమి. ఆయన ఆ పట్టికను మా ముందు పెట్టి, “నాలుగును నాలుగులాగ వ్రాయాలి బాబూ. ఎనిమిది అనుకొంటారు. ప్రక్కన అక్షరాలలో కూడా వ్రాయాలి” అనిరి. తరువాత నవల తెరచి నాటి పుట చదువుమనిరి. ఆ సంగతి మరల ఎత్తలేదు.

పది వాయిదాలు, నెలకు 44 రూపాయలు. మా సెక్షనులో జీతపు బిల్లు వ్రాయువారము మేమే. ఆయన పేరెదుట 44 అను అంకెను మూడు నెలలు మా చేతితో మేమే వ్రాసితిమి. ప్రక్కన అక్షరములలో కూడ వ్రాసితిమి. నాలుగవ నెలలో ఆయనకు గుణుపురమునకు బదిలీ యయ్యెను. గుణుపురము అప్పటికి కోరాపుట్టు జిల్లాలోనిది. 1992లో రాయగడ జిల్లా యేర్పడినపుడు అందులో చేరినది. నౌపడానుండి ఇరుకు పట్టాల చిన్న బండిలో పోవలసిన ఊరు. చివరి జీతపు పత్రమున ‘ఇంకను వసూలు కావలసినది 308 రూపాయలు’ అని వ్రాసిన చేయియు మాదే. బదిలీకి ఆ పొరపాటే కారణమని మేము నమ్మితిమి. ఆయన బయలుదేరినపుడు సెక్షనువారందరును స్టేషనుకు పోయిరి. మాకు జ్వరమని చెప్పి మేము పోలేదు. జ్వరము లేదు.

ఆ తరువాత మాకు కష్టమేమియు కలుగలేదు. ఉద్యోగము ఖాయమయ్యెను. చెల్లెలి పెండ్లి జరిగెను. పదోన్నతులు వచ్చినవి. ‘ఒడియాలో ముసాయిదా వ్రాయవలెనన్న తెలుగుబాబే వ్రాయవలెను’ అని పేరు వచ్చినది. ఎవరైన నట్లన్నపుడు మా మనసులో 44 అను అంకె నిలిచెడిది. గుణుపురమునకు రెండు పర్యాయములు జాబు వ్రాసితిమి. రెండును పెట్టెలో వేయలేదు. మొదట సిగ్గు, తరువాత, ఇన్నాళ్ళకు వ్రాసిన ఏమనుకొందురో యను సంకోచము, ఆ తరువాత, ఆయన యెక్కడ నున్నారో తెలియదను సాకు. ఆయన ఎర్రసిరాతో దిద్దిన మా నోటుపుస్తకమును మాత్రము పెట్టెలో దాచియుంచితిమి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము తాకినపుడు మా వెనుకగది పైకప్పు లేచిపోయి, ఆ పెట్టె తడిసెను. ఎర్రసిరా కరగి పుటలన్నియు లేత గులాబి రంగుగా మారినవి. ఆరబెట్టగా మా వ్రాత కొంత మిగిలెను. ఆయన దిద్దుబాటు మిగులలేదు. ఇక ఆయన లేరనియే తలచి ఆనాడు కంట నీరు పెట్టుకొంటిమి.

మేమును ఉద్యోగవిరమణ చేసితిమి. ఫించనుదారులకు నవంబరు మాసము యొక పండుగవంటిది. బ్రతికియున్నామని నిరూపించుకొనవలెను. 2014 నుండి వ్రేలిముద్ర యంత్రముతో ఆ పని జరుగు ఏర్పాటు వచ్చినది గాని, ముసలివారి వ్రేళ్ళరేఖలు అరిగిపోవుటచే యంత్రము పలువురను గుర్తింపదు. అట్టివారు కాగితము నింపి యిత్తురు. 2023 నవంబరులో మేము మా పని ముగించుకొని బ్యాంకు బల్లపై కొంత విశ్రమించియుండగా, ప్రక్కన యొక వృద్ధుడు కాగితము చేతబట్టుకొని కూర్చుండెను. చేయి వణకుచున్నది. నల్లకండ్లద్దములు, ఊలుటోపి, ముఖము సరిగా కనబడదు. ఆయన కుమారుడు కాబోలు, కిటికీవద్ద వరుసలో నిలిచియుండెను. “అయ్యా, దీనిని కొంచెము నింపి యిస్తారా?” అని ఆయన ఒడియాలో మర్యాదగా, ‘ఆపణ’ అను మాటతో అడిగెను.

పేరు గళ్ళు అప్పటికే నింపబడియుండి, కాగితము మడతలో నుండెను. వయస్సు గడియొద్ద కలము పెట్టి, “ఎంత?” అంటిమి. ఎనుబది నాలుగనెను. ఒడియా అంకెలలో ఎనిమిదియు, దాని ప్రక్కన నాలుగును వేసితిమి. ఆయన కాగితముపైకి వంగి, కండ్లద్దములు పైకెత్తి చూచి, “ఆ నాలుగును నాలుగులాగ వ్రాయండి. ఎనిమిది అనుకొంటారు. ప్రక్కన అక్షరాలలో కూడా వ్రాయండి” అనెను.

మా చేతిలోని కలము క్రిందపడెను.

బ్యాంకులో ఎందరున్నదియు, ఏమి జరుగుచున్నదియు మాకు తెలియలేదు. వంగి ఆయన పాదములంటితిమి. ఆయన బెదరి కాళ్ళు వెనుకకు తీసికొనిరి. “ఆజ్ఞా, మేము మీ తెలుగు కిరాణిని. సాహేబును స్నేహితుని జేసికొన్నవాడిని” అని యెట్లో చెప్పితిమి. ఆయన మా ముఖము చాలసేపు చూచి, మా మోకాలిపై చేయి వేసి, “నీవా? జుట్టంతా ఏమి చేశావు బాబూ?” అనిరి. ఆపణ మెట్టునుండి తుమే మెట్టునకు దిగివచ్చిరి. నలుబదేండ్ల క్రిందట ఆ రెండు మెట్లకు భేదము మాకు నేర్పినవారు ఆయనే. దిగివచ్చుటలో నున్న ప్రేమ మాకు ఆనాడు తెలిసెను.

కుమారుడు వచ్చునంతలో మేము చెప్పవలసినదంతయు చెప్పితిమి. పొరపాటు, టైపు చేసిన జవాబు, మూడు నెలలు వ్రాసిన 44, లేని జ్వరము, వేయని జాబులు. ఆయన తలయూచుచు విని, “ఏ నాలుగువందల నలుబది?” అని అడిగిరి. నిజముగనే జ్ఞప్తికి రాలేదు. మేము కావలివాని మాట చెప్పగా అప్పుడు గుర్తు చేసికొని, “ఓహో, అదా! అది నా తప్పే కదా. నేను పట్టిక చూడకుండా సంతకము చేశాను. నా సంతకమునకు నేను కట్టుకొన్నాను. నీ తప్పుకు కట్టలేదు. బదిలీ అంటావా, అది అంతకు ముందే రావలసినది, ఏడాది ఆలస్యముగా వచ్చినది” అనిరి. మా బరువు దించుటకే ఆయన యిట్లనిరేమో. అయినను మూడున్నర పదులేండ్లకు పైగా మేము మోసిన మూటను ఆయన ఎన్నడో దించివేసికొనియుండిరి.

తరువాత ఆయన చెప్పిన మాటయే మమ్మీ వ్యాసము వ్రాయించినది.

“గుణుపురములో నేను చేరిన కార్యాలయమునకు ఆంధ్ర సరిహద్దు ఊళ్ళనుండి మీవాళ్ళు ఎందరో వచ్చేవారు. అర్జీలు తెలుగులో. చదవగలవాడు లేక మూలబల్లమీద ఒక కట్టగా పడివుండేవి. నీవు నేర్పిన అక్షరాలతో ఆదివారాలు కూర్చుని ఒక్కొక్కటీ కూడబలుక్కొని చదివాను. అందులో ఒక ఆమెది, భర్త పోయినది, కుటుంబ ఫించను కోసము. రెండేళ్ళుగా పడివున్నది. అంకెలు నాకు రావడము సులువే, మాటలే కష్టమైనవి. ‘దిక్కు’ అనే మాటకు అర్థము తెలియక బజారులో తెలుగు కోమటిని అడిగాను. ఒడియాలో తిరగవ్రాసి పైకి పంపాను. ఫించను వచ్చినది. ఆమె వచ్చి నాకు దండము పెట్టబోతే వద్దన్నాను. అది చదివినవాడు బరంపురములో ఉన్నాడు అన్నాను. నీకు జాబు వ్రాద్దామనుకొన్నాను. నేనూ వ్రాయలేదు” అనిరి.

మేము మరల మాటలాడుటకు కొంత సమయము పట్టెను. జేబునుండి 440 రూపాయలు తీసి ఆయన చేతిలో పెట్టబోతిమి. ఆయన నవ్వి, “వాయిదాలు గుణుపురములోనే పూర్తయినవి. మూసిన లెక్కను తిరిగి తెరిస్తే ఆడిటువారు ఒప్పుకోరు. ఇవ్వాలని ఉంటే తెలుగు పుస్తకము ఒకటి తెచ్చి ఇవ్వు. కళ్ళ ఆపరేషను తరువాత అక్షరాలు పెద్దవైతే కనబడుతున్నవి, కానీ సగము మరచిపోయాను” అనిరి.

మరునాడే పెద్దబాలశిక్ష కొని, కుమారుని యింటికి తీసికొనిపోతిమి. అది మా వీధికి రెండు మైళ్ళు కూడ లేదు. ఆయన ఆ ఊరికి వచ్చి రెండేండ్లయినదట. నాటినుండి గురువారము సాయంకాలము అయిదు గంటలకు పోవుచున్నాము. మొదటి అరగంట మేము ఒడియా చదువుదుము, ఆయన దిద్దుదురు. తరువాతి అరగంట ఆయన తెలుగు చదువుదురు, మేము దిద్దుదుము. కొమ్మునకును కొమ్ముదీర్ఘమునకును ఇప్పటికిని తగవే. ఆయన మనుమడును, ఒకొక్కప్పుడు మాతో వచ్చు మా మనుమరాలును ప్రక్కన కూర్చుందురు. వారు ఇరువురును ఇంగ్లీషు బడిలో చదువువారే. ఆ పిల్లవానికి ఒడియా బాగుగ రాదు, ఈ పిల్లకు తెలుగు బాగుగ రాదు. మావలన వారు రెండు భాషలును నేర్చుకొనిరని వ్రాసినచో అది అబద్ధమగును. వారి చూపులు ఫోనులపైనే యుండును. కాని యొకనాడు ఒడియా నాలుగును చూపి, “తాతా, ఇది ఎయిట్ కదా!” అని మా మనుమరాలు అడిగినపుడు, మేమిద్దరమును ఒక్కమారే “కాదు!” అని కేక వేసితిమి. ఆ ఒక్క అంకె మాత్రము వారు మరువరు.

ఇది వ్రాయుచు మేమాలోచించినది ఒకటి కలదు. మనవంటి సంచికలలో మన భాషకు జరిగిన అన్యాయములను గూర్చి వ్రాయుదుము; బడులు మూతపడుట, పంతుళ్ళు లేకుండుట వ్రాయుదుము. అవి వ్రాయవలసినవే, వ్రాయనిచో అడుగువా రుండరు. కాని బళ్ళారిలో గాని, హోసూరులో గాని, షోలాపురములో గాని, మా బరంపురములో గాని, మనము నిలద్రొక్కుకొనుటకు ఏ పొరుగువారో మనకు వారి మాటలు నేర్పియుందురు. మొదటి జాబు దిద్దినవారు, మొదటి అద్దె యింటికి పూచీ యిచ్చినవారు, బడిలో మన పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నవారు కలరు. వారి పేర్లు మన సంచికలలో ఎక్కడను కానరావు. మనవారును అట్లు నేర్పినవారే. గిడుగు రామమూర్తి పంతులుగారిని ఆగస్టు 29వ తేదీన వాడుకభాషకై తలచుకొందుము. మావలె పాతపద్ధతిని వ్రాయువారు కొంచెము సిగ్గుతో తలచుకొందురు. పర్లాకిమిడిలో నుండి ఆయన సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును వ్రాసిన సంగతి కూడ తలచుకొనదగినది. పొరుగువాని అక్షరము నేర్చినందున మన అక్షరము తరుగదు. గుణుపురములో మూలబల్లపై నుండిన కట్టను విప్పినది ఒక ఒడియా ఆయన నేర్చిన తెలుగు అక్షరమే కదా!

చదువరులకు మా మనవి యొక్కటే. మీకట్టివారు ఎవరైన నుండిన, రేపనక నేడే పోయి చెప్పుడు. ఆయన యెక్కడ నున్నారో తెలియదని మేము నలుబదేండ్లు సాకు చెప్పుకొంటిమి. ఆయన చివరి రెండేండ్లు రెండు మైళ్ళ దూరముననే యుండిరి. వా రా సంగతి మరచియే యుండవచ్చును. ‘ఏ నాలుగువందల నలుబది?’ అని అడుగవచ్చును. అడిగినను చెప్పుడు. చెప్పవలసినది మన లెక్క.

మేము ఇప్పుడు నవంబరు మాసమున బ్యాంకు బల్లపై కొన్ని దినములు కూర్చుందుము. చేయి వణకువారి కాగితములు, తెలుగువారివైన ఒడియావారివైన, నింపి యిత్తుము. వయస్సు గడిలో నాలుగు వచ్చినపుడెల్ల కొంచెము ఆగి, దాని పైభాగమున తెరపి చక్కగ విడిచి, ప్రక్కన అక్షరములలో కూడ వ్రాయుచున్నాము.